కొబ్బరి మొదట్లో ముర్రుపాలు

మా మామ్మ ముర్రుపాలు పారబోయడం నేను చూశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ పడుకునేముందు ఏదో ఒకటి రాసుకునే నా డైరీలో కూడా, ఆ సాయంత్రం వాన పడిందనీ, పక్కింటివాళ్లకి పత్రిలోకి ఉత్తరేణి కోసిచ్చాననీ రాశానుగాని, పాల సంగతి రాయలేదు.

మామ్మంటే మా నాన్న తల్లి. పాల విషయంలో ఆవిడ చాలా గట్టి మనిషి. పాలగిన్నె కడిగిన నీళ్లు కూడా కుడితిలోకే వెళ్లాలి. గిన్నె అంచుకి అంటిన మీగడ చూపుడువేలితో తీసి నా నాలిక మీద రాసేది. నేల మీద పాలచుక్క పడితే ఎవరి కాలూ తగలకుండా తడిగుడ్డతో తుడిచి కళ్లకద్దుకునేది. అలాంటి మనిషి, ఈనిన ఆవు మొట్టమొదట ఇచ్చే చిక్కటి పసుప్పచ్చటి పాలు, జున్నుకోసం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ముందే చెప్పి ఉంచుకునే పాలు, చెంబుడు తెచ్చి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో వంచేసింది. ఆఖరి చుక్క జారేదాకా చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. తరవాత వంగి, చేత్తో మట్టి కప్పింది.

ఎందుకలా చేసిందో చెప్పాలంటే మా ఇంట్లో వినాయకచవితి ఎలా ఉండేదో, ఎలా పోయిందో ముందు చెప్పాలి.

మాది కొత్తపేటకి కొంచెం దూరంలో కాలవగట్టున ఉన్న ఇల్లు. నాన్నకి కాస్త వరిపొలం, కాస్త కొబ్బరితోట. చవితి వచ్చేసరికి వానలకి పెరడంతా ఆకుపచ్చగా నిండిపోయి, పత్రికోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేకుండా చెయ్యి చాపిన చోటల్లా ఏదో ఒక ఆకు అందేది. ముందురోజు సాయంత్రం నాన్న పనసాకులు కోసుకొచ్చి అరుగు మీద పోసేవారు. అక్కా నేనూ కొబ్బరీనె పుల్లలతో వాటిని బుట్టల్లా కుట్టేవాళ్లం. తెల్లారాక అమ్మ ఆ బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద పెడితే పొట్టిక్కలు తయారయ్యేవి. వేడికి పనసాకు కమిలిన వాసన వస్తుంటే, ఇంకా పూజ కాలేదు, ముట్టుకోకండి అని మామ్మ గుమ్మంలో కాపలా కూర్చునేది. ఉండ్రాళ్లు, కుడుములు, కొబ్బరిలౌజు పెట్టిన జిల్లేడుకాయలు. మిగిలిన పండగలకి మా వంటింట్లో నూనె మరిగేది, చవితికి మాత్రం ఆవిరే. గోడకున్న అద్దం మీద కూడా చెమ్మ పట్టేది. అక్క దాని మీద వేలితో వినాయకుడి తొండం గీసేది.

అన్నిటికంటే పెద్ద పని పాలతాలికలు. బియ్యప్పిండి వేణ్నీళ్లతో ఉక్కబెట్టి ముద్ద చేసి, బోర్లించిన పళ్లెం మీద అరచేత్తో సన్నగా పొడుగ్గా పామాలి. తరవాత వాటిని మరిగే పాలల్లో ఉడికించి, పొయ్యి మీంచి దింపాక బెల్లం కలపాలి. ముందే కలిపితే పాలు విరుగుతాయి. మా ఇంట్లో తాలికలు చెయ్యడం అక్క పని. అమ్మ చేసినవి జంతికలంత లావుండేవి. అక్కవి దారాల్లా ఉండేవి.

"ఇంత సన్నగా చేస్తే పాలల్లో మళ్లీ కనపడవే" అనేది అమ్మ.

"కనపడాలంటే నీవి చూసుకో అమ్మా. తినాలంటే నావి తిను" అనేది అక్క.

నేను చేసినవాటికి అక్క వానపాములని పేరు పెట్టింది. తినేటప్పుడు గరిటెతో ఒక్కోటి పైకెత్తి, ఇదిగో వానపాము, ఇది మా చెల్లెలిదే అని మా నాన్న విస్తట్లో వేసేది. నాన్న అది కళ్లు మూసుకుని భయంభయంగా నమిలినట్టు నటించేవారు. నాకు కోపం వచ్చేది కాదు. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. నాకు విపరీతమైన సిగ్గు. ఎవరైనా పేరడిగితే అక్క వెనక్కి వెళ్లి నిలబడేదాన్ని. నా పేరు, నేను చదివే తరగతి, నాకు కాకరకాయ పడదని, అన్నీ అక్కే చెప్పేది. పక్కింటి పిన్నిగారు మా అమ్మతో, "మీ చిన్నమ్మాయి నోట్లో నీళ్లు పోసుకుని కూర్చుందా అండీ" అని అడిగితే, "దాని మాటలు కూడా నేను మాట్లాడేస్తున్నాను పిన్నిగారూ, కలిసొస్తుందని" అనేసింది అక్క ఒకసారి.

తాలికలు అందరూ వేడిగా తినేవాళ్లు. అక్క తినేది కాదు. మూతున్న చిన్న స్టీలుగిన్నెలో తన వాటా పోసుకుని వంటింటి అలమర పైఅరలో పెట్టేది. సాయంత్రానికి అది చల్లారి, చిక్కబడి, పైన మీగడ కట్టాక, పెరటి మెట్టు మీద కూర్చుని చెంచాతో కొంచెం కొంచెం తినేది. ఏ పనిమీద బయటికి వెళ్లినా, "నా వాటా అట్టేపెట్టవే" అని నాకు చెప్పి వెళ్లేది. పండగలకనే కాదు, మామూలు రోజుల్లో మామిడిముక్కకైనా అదే మాట.

నాకు పదేళ్లప్పుడు, చవితికి కొద్దిరోజుల ముందు అక్కకి జ్వరం వచ్చింది. అందరికీ వస్తున్నట్టే వచ్చిందనుకున్నారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. చవితినాటి పొద్దున్న అమ్మ తాలికలు తనే చేసుకుని పాలల్లో వేసింది. మంచం మీంచి అక్క, "లావుగా చేసేవా అమ్మా, చప్పుడు వినిపిస్తోంది" అంది. పాలల్లో వేస్తే చప్పుడేమిటని అందరం నవ్వాం. ఇంకాసేపటికి ఒళ్లు కాలిపోవడం మొదలైంది. నాన్న ఎవరిదో కారు మాట్లాడుకొచ్చారు. మామ్మ వెనక సీట్లో కూర్చుని అక్క తల ఒళ్లో పెట్టుకుంది. అమ్మ పొయ్యి ఆర్పి, చీర కూడా మార్చుకోకుండా ఎక్కింది. నేను కారు తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క కళ్లు తెరిచి, "నా వాటా అట్టేపెట్టవే" అంది.

వాళ్లు అమలాపురం తీసుకెళ్లారు. జ్వరం మెదడుకెక్కిందన్నారు. మధ్యాహ్నానికే తీసుకొచ్చేశారు.

మైల వచ్చిన ఇంట్లో వండినవి ఎవరూ తినకూడదు. పిన్నిగారూ ఇంకెవరో ఆవిడా గిన్నెలన్నీ కాలవ దగ్గరికి మోసుకెళ్లి వంపేశారు. భాద్రపదంలో మా కాలవనీళ్లు ఎర్రగా వస్తాయి. ఆ ఎర్రటి నీళ్లలో తాలికల పాలు తెల్లటి చారలాగా కొంతదూరం వెళ్లి కలిసిపోయాయి. అక్క చిన్నగిన్నె నా చేతిలోనే ఉంది. అందులోకి తీసి పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

పండగనాడు ఇంట్లో మనిషి పోతే ఇంక ఆ పండగ ఆ ఇంటికి ఉండదు. మా వైపు అందరూ పాటించేదే. ఆ రోజు పిండివంట వండరు, పూజ చెయ్యరు. మళ్లీ ఎప్పటికైనా సరిగ్గా ఆ పండగరోజునే ఆ ఇంట్లో బిడ్డ పుడితే, లేదా పశువులపాకలో దూడ పుట్టినా సరే, అప్పుడు పండగ తిరిగొచ్చినట్టు. అంతవరకు ఇరుగుపొరుగువాళ్లే తలో పళ్లెం తెచ్చి ఇచ్చి వెళతారు.

అలాగే మాకూ తెచ్చేవారు. పళ్లెంలో ఉండ్రాళ్లు, కుడుములు, పైన అరిటాకు ముక్క. మామ్మ అందుకుని, ఖాళీ పళ్లెం పంపకూడదని గుప్పెడు బియ్యం వేసి తిరిగిచ్చేది. నాన్న కొంచెం తినేవారు, నేనూ తినేదాన్ని. అమ్మ ముట్టుకునేది కాదు. ఆ రోజు పొద్దున్నే ఒక అన్నం, ఒక పచ్చడి చేసి పడేసి, పెరటి మెట్టు మీద కూర్చునేది. అక్క కూర్చున్న మెట్టే. కాలవవైపు చూస్తూ చీకటి పడేదాకా అలాగే ఉండేది. ఏడ్చేది కాదు. ఎవరైనా పలకరిస్తే మర్యాదగా జవాబు చెప్పి మళ్లీ అటే చూసేది. వీధిలో పిల్లలు చవితి చంద్రుణ్ని చూడకూడదని తలలు దించుకుని పరిగెత్తుతుంటే, పండగే లేనివాళ్లకి చంద్రుడి భయం కూడా ఉండదేమోనని నేను తలెత్తి చూసేదాన్ని. నన్నెవరూ వద్దనేవారు కాదు. ఏ తరగతి అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి నా ముందు ఎవరూ లేరు. కొత్తపేట గ్రంథాలయం నుంచి నాన్న తెచ్చే పుస్తకాల్లో తల దూర్చుకోవడం ఆ రోజుల్లోనే అలవాటైంది.

నాకు పదమూడేళ్లు వచ్చిన ఏడు మా ఆవు చూడితో ఉంది. భాద్రపదం మొదట్లో ఈనుతుందని లెక్క. ఆ లెక్క తెలిసిన దగ్గర్నించి మామ్మకి ఇంకో ధ్యాస లేదు. పొద్దునా సాయంత్రం పాకలోకి వెళ్లి పొదుగు చూసేది, తోక దగ్గర చెయ్యి వేసి చూసేది. కుడితి పెడుతూ దాంతో మాట్లాడేది. తొందరపడకమ్మా, నీకు పుణ్యం ఉంటుంది, చవితిదాకా ఆగు అనేది.

పిన్నిగారు కంచె అవతల్నించి విని, "ఆవుకి పంచాంగం చదివి వినిపిస్తున్నారా అండీ" అంది.

"మీ ఆయన కంటే బాగానే వింటుందమ్మా" అంది మామ్మ.

ఇంట్లో అందరం నవ్వుకున్నాం, అమ్మ తప్ప. ఆ రాత్రి భోజనాల దగ్గర మామ్మకి మజ్జిగ పోస్తూ అమ్మ, "దూడ పుడితే పండగ వస్తుందండీ. అది రాదు కదా" అంది. గొంతు పెంచలేదు. మామ్మ అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది. మజ్జిగ ఎక్కువై విస్తరి అంచు దాటుతున్నా ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

చవితి ముందురోజు, అంటే తదియనాడు, సాయంత్రం వాన పడి వెలిసింది. కరెంటు లేదు. ఉత్తరేణి కొమ్మలు కావాలని పిన్నిగారు అడిగితే కోయడానికి పాక వెనక్కి వెళ్లాను. లోపల ఆవు ఏదో నాకుతున్న చప్పుడు వినిపించింది. తాటాకు తడికె సందులోంచి చూశాను. దూడ పుట్టేసింది. తడితడిగా, గడ్డి మీద, మూతికి పాలనురగతో కాళ్లు మడుచుకుని పడుకునుంది. మామ్మ ఆవు పక్కన గొంతుక్కూర్చుని పాలు పితుకుతోంది. సంతోషంతో అరవబోయాను. ఎప్పట్లాగే గొంతు రాలేదు.

దూడ తాగగలిగినంత తాగింది. మిగిలినవి పొదుగులో అలాగే వదిలేస్తే ఆవుకి బాధ, పితికి ఇంట్లోకి తెస్తే అందరికీ తెలిసిపోతుంది. అందుకని మామ్మ చెంబు పట్టుకుని వెనక నుంచి బయటికొచ్చి, నేను మొదట్లో చెప్పానే, ఆ పని చేసింది. మట్టి కప్పి లేచేసరికి ఎదురుగా నేను. ఆవిడ చెయ్యి నా తల మీద పెట్టింది. చెయ్యంతా పాలవాసన. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. చెప్పనని ఆవిడకి తెలుసు.

ఆవు ఇంకా నొప్పులు పడుతోందనీ, దీపాలు పట్టుకుని ఎవరైనా వెళితే బెదురుతుందనీ ఇంట్లో చెప్పి, ఆ రాత్రి పాకలోనే నులకమంచం వేసుకుంది. పొద్దెక్కాక, పెరట్లోకి ఎండ వచ్చాక, ఇప్పుడే ఈనింది, పెయ్యదూడ అని చెప్పింది. నిమిషాల్లో వీధి వీధంతా మా పాక ముందుంది. ఆవు పంచాంగం బాగానే నేర్చుకుందండీ అని పిన్నిగారు కళ్లు తుడుచుకుంది. పంతులుగారు కూడా వచ్చి, సూర్యోదయానికి చవితి ఉంది, ఇంకేం సందేహం, మీ పండగ మీకు వచ్చేసింది అన్నారు. నాన్న దూడ దగ్గర కూర్చుని దాని కాలెత్తి గిట్ట అడుగున చూశారు. అప్పుడే పుట్టిన దూడకి గిట్టల కింద తెల్లగా మెత్తటి పొర ఉంటుంది. లేచి నాలుగడుగులు వేసేసరికి అది అరిగిపోతుంది. నాన్న కాలు మెల్లగా కిందపెట్టి, "పెయ్యే" అన్నారు. మామ్మవైపు చూడలేదు.

మామ్మ చెంబుతో పాలు తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టింది. ముందు జున్ను వండమంది. ఆ తరవాత నీ ఇష్టం అంది. అమ్మ చాలాసేపు ఆ చెంబువైపు చూసి, తీసుకుని లోపలికెళ్లింది.

ముర్రుపాలు మరీ చిక్కగా ఉంటాయి కాబట్టి మామూలు పాలు బాగా కలిపి వండాలి. లేకపోతే జున్ను రాయిలా బిగుస్తుంది. అమ్మ మొదటిపూట పాలకి కలిపినట్టే కలిపింది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెట్టింది. ఎంతసేపటికీ గట్టిపడలేదు. మూత తీసి చాకు గుచ్చితే తెల్లగా నీళ్లూరింది. ఇంకాసేపు ఉంచింది. మళ్లీ అంతే. చెంబు అడుగున మిగిలిన పాలచుక్క వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. నేను వంటగట్టు దగ్గర కొబ్బరి కోరుతున్నాను. నా చెయ్యి ఆగిపోయింది.

"ఈ పాలు పలచగా ఉన్నాయండీ అత్తయ్యగారూ" అంది అమ్మ.

మామ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "వానాకాలం గడ్డి కదమ్మా" అంది.

అమ్మ గిన్నె మీద మూత పెట్టేసి, "ఆయ్" అంది. చేతులు కడుక్కుంది. బియ్యప్పిండి డబ్బా దింపింది.

అంతే, మా ఇంట్లో మళ్లీ చవితి మొదలైంది. ఏటేటా పొట్టిక్కలు, ఉండ్రాళ్లు, అన్నీ. తాలికలు కూడా, జంతికలంత లావువి. అమ్మ దేనికీ లోటు చెయ్యలేదు. అద్దం మీద మళ్లీ చెమ్మ పట్టేది, దాని మీద గీతలు గీసేవాళ్లు లేరు. కాని అమ్మ తినేది కాదు. వండిన వాసనకే కడుపు నిండిపోయిందనేది. వండేవాళ్లందరూ అనే మాటే కాబట్టి బంధువులెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం చూసేదాన్ని. అందరికీ వడ్డించి, పళ్లేలు పంచి, తను చద్దన్నం తిని, అదీ లేకపోతే మజ్జిగ తాగి మెట్టు మీద కూర్చునేది. నేను అక్క గిన్నెలో కొన్ని తాలికలు పోసి పైఅరలో పెట్టేదాన్ని. అప్పుడు అట్టేపెట్టడానికి ఏమీ లేకపోయింది, ఇప్పుడు ఉన్నాయి. మర్నాడు పొద్దున్న వాటిని తీసుకెళ్లి ఆవుకి పెట్టేసేదాన్ని. నన్ను ఎవరూ చూడటం లేదనుకునేదాన్ని.

ఆ దూడ పెరిగి, అదీ ఈనింది. నేను అమలాపురం కాలేజీలో డిగ్రీకి చేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఎవరితో మాట్లాడకుండా పుస్తకం చదువుకుంటూ వెళ్లి వచ్చేదాన్ని. ఆఖరి ఏడాదిలో ఉండగా మామ్మ మంచం పట్టింది. శ్రావణం సగానికి వచ్చేసరికి పక్కకి తిరగడం కూడా ఎవరో ఒకరు పట్టుకుంటే గాని అయ్యేది కాదు. గొంతులోకి పాలు, కొబ్బరినీళ్లు తప్ప దిగేవి కావు. డాక్టరుగారు ఇంక ఇంట్లోనే ఉంచమన్నారు.

భాద్రపదం దగ్గరపడుతుంటే మామ్మకి ఒక భయం పట్టుకుంది. రోజూ కళ్లు తెరవగానే ఇవాళ తిథేమిటని అడిగేది. నాన్న కేలెండరు చూసి చెప్పేవారు. అమావాస్య వెళ్లింది. పాడ్యమి. మొదట్లో ఊరికే అడుగుతోందనుకున్నాం. విదియనాటి మధ్యాహ్నం అమ్మా నేనూ పక్కగుడ్డలు మారుస్తుంటే తనే చెప్పింది.

"పోతే ఇవాళో రేపో పోవాలే అమ్మాయ్. లేదా చవితి దాటాలి. చవితినాడు పోయేననుకో, తెచ్చిన పండగ నేనే పట్టుకుపోయినదాన్నవుతాను."

పోవడానికి కూడా తొందరపడుతోంది, ఉండటానికి కూడా బలం కూడదీసుకుంటోంది. ఏది ఎటు తప్పినా మళ్లీ ఆ ఇంటికి చవితి లేకుండా పోతుందని ఆవిడ బెంగ. ఊపిరి ఎగపోస్తుంటే వేళ్లమీద లెక్కపెట్టుకుంటోంది. అమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. తరవాత మంచం పట్టె మీద కూర్చుంది.

"ఆ దూడ తదియనాడు పుట్టిందండీ అత్తయ్యగారూ" అంది.

మామ్మ వేళ్లు ఆగిపోయాయి.

"నాకు అప్పుడే తెలుసండీ. జున్ను గట్టిపడలేదు కదా. రెండోపూట పాలకి మొదటిపూట పాళ్లు కలిపేను." అమ్మ దుప్పటి అంచు సర్దుతూ మాట్లాడుతోంది. "అంచేత పండగ మనకి రాలేదండీ. రానిది మీరెలా పట్టుకుపోతారు. ఏ రోజయినా పరవాలేదు. భయపడకండి."

నేను పక్కగుడ్డలు గుండెకి హత్తుకుని గోడకి ఆనుకున్నాను. మామ్మ తల అమ్మవైపు తిప్పింది.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు వండేవే?"

"మీరు ముర్రుపాలు వదులుకున్నారు కదండీ."

అమ్మ ఆవిడ తలకింద దిండు సర్దింది. మళ్లీ తనే అడిగింది. "ఏం చేసేరండీ ఆ పాలు?"

"కొబ్బరిచెట్టుకి పోసేను."

"అందుకేనా అండీ అది ఆ ఏడు అలా కాసింది."

మామ్మకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. అమ్మ వీపు రాస్తూ తనూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అమ్మ మంచం పట్టె మీద తల పెట్టేసింది. అక్క పోయినప్పటినుంచి అమ్మ పైకి ఏడవడం నేను వినలేదు. ఆ రోజు విన్నాను. మామ్మ చెయ్యి తడుముకుంటూ వెళ్లి అమ్మ జుట్టు మీద ఆగింది.

"వండేవు గాని తినలేదు. నేను ఏటా చూస్తూనే ఉన్నాను" అంది మామ్మ.

"అందరూ ఆ రోజుని పండగనుకునేవారండీ. నేను కూడా తినేస్తే పిల్ల రోజు పోతుందనిపించేది. ఒక్కరైనా దానికోసం ఉంచాలి కదండీ."

తదియ వెళ్లింది. చవితినాటి పొద్దున్న వీధిలో పత్రి అమ్మేవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. మామ్మకి ఇంకా ఊపిరి ఆడుతోంది. అమ్మ పూజకి ఏమీ చెయ్యలేదు. పనసాకులు కోయించలేదు. పిన్నిగారు వచ్చి అడిగితే, పండగ లేదండీ మాకు, అని మామూలుగా చెప్పింది. మధ్యాహ్నం అయ్యాక బియ్యప్పిండి తీసి కొంచెం ముద్ద చేసి, పళ్లెం బోర్లించి, నన్ను పిలిచింది. పండగ కాదు, ఊరికే అంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. అమ్మ ఆ రోజు ఎంతో సన్నగా చెయ్యాలని చూసింది. మధ్యలో తెగిపోతుంటే మళ్లీ ముద్దలో కలిపి మళ్లీ మొదలుపెట్టింది. కొన్ని దారాల్లా వచ్చాయి. నావి చూసి, "వానపాములు" అంది. ఆ మాట మా ఇంట్లో వినిపించి పదేళ్లు దాటింది.

ఓ గిన్నెడు తాలికలు మామ్మ మంచం దగ్గరికి తీసుకెళ్లాం. అమ్మ ఒక తాలికని చెంచాతో నలిపి, పాలతో కలిపి మామ్మ నోట్లో పోసింది. సగం పెదవి చివర్నించి కారింది. సగం దిగింది. అమ్మ కొంగుతో తుడిచింది. తరవాత అదే చెంచాతో, అదే గిన్నెలోంచి, తను తింది. నెమ్మదిగా నమిలి మింగింది. మళ్లీ ఇంకో చెంచా. మామ్మ కళ్లు ఆ చెంచాతోపాటు అమ్మ నోటిదాకా వెళ్లి, వెనక్కి వస్తున్నాయి. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ రెప్ప వెయ్యలేదనిపించింది.

ఏ రోజయినా పరవాలేదని అమ్మ చెప్పినా మామ్మ ఆ రోజు దాటించింది. పంచమి పొద్దున్న, పెరట్లోకి ఎండ వచ్చాక వెళ్లిపోయింది. చవితి సాయంత్రం నుంచి ఇంక ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఖరుసారి మాట్లాడింది నాతోనే. ఆ తాలికలు తిన్నాక అమ్మ గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్లింది. నేను అలవాటు ప్రకారం నా తాలికల్లోంచి కొన్ని అక్క గిన్నెలోకి వంపుతున్నాను. మామ్మ కళ్లు తెరిచి చూస్తోంది. వేలు కదిపి దగ్గరికి పిలిచింది. చెవి ఆవిడ నోటి దగ్గర పెడితే గాని వినపడలేదు.

"మీ అక్క వాటా ఇంక అట్టేపెట్టకే అమ్మడూ. చల్లారిపోతోంది, నువ్వు తినెయ్యి."